పిల్లల ఎగ్జిమా: చర్మంతో పాటు రాత్రులనూ లెక్కపెట్టండి

సోమవారం మా ఓపీలో రద్దీ ఎక్కువ. ఒక్కో బిడ్డకు రెండు మూడు నిమిషాలకు మించి సమయం దొరకదు. కొన్నేళ్ల కిందట అలాంటి ఓ సోమవారం ఒక తల్లి తన ఆరేళ్ల బాబును తీసుకొచ్చింది. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం కాస్త గరుకుగా, నల్లగా ఉంది. పొద్దున్నే తలంటి, కొబ్బరి నూనె రాసి తెచ్చినట్టుంది, మిగతా ఒళ్లంతా నున్నగానే కనిపించింది. ఓపీ చీటీ మీద 'ఎగ్జిమా, స్వల్పం' అని రాశాను. ఒక పూత మందు, దురదకు ఒక సిరప్ ఇచ్చి పంపేశాను.

రెండు నెలల తర్వాత ఆ తల్లి మళ్లీ వచ్చింది. ఈసారి చర్మం గురించి కాదు. పిల్లాడు క్లాసులో నిద్రపోతున్నాడని, చెప్పింది తలకెక్కించుకోవడం లేదని టీచరు పిలిపించి చెప్పారట. "రక్తం తక్కువైందేమో చూడండి సార్" అంది. రక్తపరీక్ష రాయబోతూ, "రాత్రి ఎన్నింటికి పడుకుంటాడమ్మా?" అని అడిగాను.

"తొమ్మిదింటికే పడుకుంటాడు సార్. పన్నెండు దాటిందంటే లేచి కూర్చుని గోక్కుంటాడు. రక్తం వచ్చేదాకా ఆపడు. చేతులు పట్టుకుని కూర్చుంటాను. కాసేపు పడుకుని మళ్లీ మూడింటికి లేస్తాడు."

"రోజూనా?"

"రోజూ సార్. మొన్న వచ్చినప్పుడు మీరు అడగలేదు కదా, నేనూ చెప్పలేదు."

ఆ బాబుకు ఉన్నది స్వల్పమైన ఎగ్జిమా కాదు. నేను చూసింది ఒక పూట చర్మాన్ని. ఆ తల్లి చూస్తున్నది వరసగా అరవై రాత్రులను. పిల్లల్లో ఎగ్జిమా ఎంత తీవ్రంగా ఉందో తేల్చేటప్పుడు డాక్టర్లం తరచూ చేసే పొరపాటు ఇదే. ఆ వివరం మాకు అందాలంటే ఇంట్లోవాళ్ల సాయం కావాలి.

ముందు పేరు సరిచూసుకోవాలి

మన ఇళ్లలో ఎగ్జిమాను కొందరు తామర అంటారు, కొందరు గజ్జి అంటారు, ఇంకొందరు 'వేడి చేసింది' అని వదిలేస్తారు. గుండ్రంగా అంచు కట్టి పాకే ఫంగస్ జబ్బునూ తామర అనే అంటాం. ఈ రెండింటికీ ఒకే పేరు ఉండటం వల్ల చాలా నష్టం జరుగుతోంది. ఎగ్జిమాకు పనికొచ్చే స్టిరాయిడ్ పూతను ఫంగస్ తామర మీద రాస్తే మొదట దురద తగ్గినట్టే ఉంటుంది, తర్వాత మచ్చ ఇంకా పెద్దదవుతుంది.

గజ్జి వేరే జబ్బు. అది కంటికి కనిపించనంత చిన్న పురుగు వల్ల వచ్చి ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, మర్మాంగాల దగ్గర దురద ఉండి, ఇంట్లో ఇద్దరు ముగ్గురు రాత్రిపూట గోక్కుంటుంటే ముందు గజ్జినే అనుమానించాలి. ఎగ్జిమా అంటుకునేది కాదు. ఎగ్జిమా ఉన్న బిడ్డ పక్కన మరో బిడ్డను కూర్చోబెట్టడానికి ఎవరూ భయపడక్కర్లేదు.

పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఎగ్జిమాను అటోపిక్ డెర్మటైటిస్ అంటారు. ఇది సాధారణంగా చిన్నతనంలోనే మొదలవుతుంది. ఏడాది లోపు పిల్లల్లో బుగ్గలు, నుదురు, తల, కాళ్లూ చేతుల పైభాగం ఎర్రబడి చెమ్మ కారతాయి. డైపర్ కట్టే చోట మాత్రం చాలాసార్లు బాగానే ఉంటుంది. నడక వచ్చాక మోచేతి మడతలు, మోకాలి వెనక, మెడ, మణికట్టు, చీలమండల దగ్గర చర్మం దళసరిగా మారుతుంది. ఇంట్లో ఎవరికైనా ఆస్తమాగానీ, పొద్దున్నే వరసపెట్టి తుమ్ములొచ్చే అలర్జీగానీ ఉండటం మామూలే. దురద మాత్రం తప్పకుండా ఉంటుంది. దురదే లేదంటే అది ఎగ్జిమా అవునో కాదో మళ్లీ ఆలోచించాలి.

ఒక చూపుతో ఎందుకు తేలదు?

ఎగ్జిమా రోజూ ఒకేలా ఉండదు. చలికాలం పొడిగాలికి ఒకసారి, మే నెల ఉక్కపోతకు, చెమటకు మరోసారి పెరుగుతుంది. ఆసుపత్రికి తెచ్చిన రోజు తగ్గి ఉండొచ్చు, ముందు రోజు ఒళ్లంతా మండి ఉండొచ్చు.

రెండో కారణం మన చర్మం రంగు. మేం చదువుకున్న పుస్తకాల్లో ఎక్కువ ఫొటోలు తెల్లతోలు పిల్లలవి. వాపు ఎంత ఉందో ఎరుపును బట్టి కొలవడం మాకు అలవాటైంది. చామనఛాయ, నలుపు పిల్లల్లో ఆ ఎరుపు అంత తేలిగ్గా కనపడదు. గోధుమ, ఊదా లేదా బూడిద రంగులో ఉంటుంది. దాంతో ఉన్నదానికంటే తక్కువగా అంచనా వేస్తాం. దీనికి తిరగబడి మరొకటి జరుగుతుంది. జబ్బు తగ్గాక కూడా నల్లమచ్చలో, తెల్లమచ్చలో నెలల తరబడి మిగులుతాయి. వాటిని చూసి 'మందు పనిచేయలేదు' అని తల్లిదండ్రులు డాక్టర్లను మారుస్తుంటారు. మచ్చ మీద వేలితో రాయండి. నున్నగా ఉండి, దురద లేకపోతే అది పాత జబ్బు మిగిల్చిన రంగు. గరుకుగా, దళసరిగా, వెచ్చగా ఉండి బిడ్డ గోకుతుంటే జబ్బు ఇంకా నడుస్తోందని అర్థం.

మూడోది విస్తీర్ణం. వేళ్లతో సహా బిడ్డ అరచేయి ఆ బిడ్డ ఒంటిలో సుమారు 1 శాతం. ఆ లెక్కన ఎన్ని అరచేతుల మేర జబ్బు ఉందో ఇంట్లోనే అంచనా వేయొచ్చు. అలాగని తక్కువ చోట ఉంటే తక్కువ జబ్బని కాదు. కనురెప్పల మీద, అరచేతుల్లో వచ్చి పగిలితే విస్తీర్ణం రెండు శాతమే కావచ్చు, కానీ ఆ బిడ్డ పెన్సిల్ పట్టుకోలేడు, కంటి నిండా నిద్రపోలేడు.

డాక్టర్లకు కొలతలు లేవా అంటే ఉన్నాయి. 1993లో యూరప్ నిపుణులు తయారుచేసిన స్కోరాడ్ అనే కొలతలో జబ్బు విస్తీర్ణం, ఎరుపు, వాపు, చెమ్మ, గోకుడు గాయాలు, దళసరితనం, పొడితనం అన్నీ చూసి మొత్తం 103కు మార్కులు వేస్తారు. అందులో దురదకు 10, నిద్రలేమికి 10 ఉంటాయి. ఈసీ అనే మరో కొలత 72 మార్కులకు. అందులో కంటికి కనిపించే లక్షణాలే తప్ప దురద, నిద్రల ప్రస్తావన ఉండదు. ఇవి పరిశోధనలకు, పెద్ద ఆసుపత్రుల్లో చికిత్స ఫలితాన్ని చూడటానికి అవసరమే. రద్దీ ఓపీలో మాత్రం వీటికి సమయం చాలదు. పైగా ఇంట్లో ఆ వారం ఎలా గడిచిందో చర్మాన్ని చూసి చెప్పడం ఎవరివల్లా కాదు.

ఏడు ప్రశ్నలు, ఏడు రోజులు

ఆ వారం సంగతి అడగడానికే ఒక ప్రశ్నావళి ఉంది. పేరు పోయెమ్. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్‌ పరిశోధకులు 2004లో దీన్ని ప్రచురించారు. ఎగ్జిమా లక్షణాలను రోగి వైపు నుంచి కొలవడానికి దీన్నే వాడమని అంతర్జాతీయ నిపుణుల బృందం కూడా సిఫార్సు చేసింది. చిన్నపిల్లల తరఫున తల్లిదండ్రులు జవాబు చెప్పొచ్చు. రెండు నిమిషాల పని.

గడిచిన వారంలో ఎగ్జిమా వల్ల ఎన్ని రోజులు ఇలా జరిగిందో చూసుకోండి:

1. చర్మం దురద పెట్టింది
2. రాత్రి నిద్ర చెడింది
3. చర్మం నుంచి రక్తం వచ్చింది
4. చర్మం నుంచి నీరులాంటి చెమ్మ కారింది
5. చర్మం పగిలింది
6. చర్మం పొట్టు రాలింది
7. చర్మం పొడిబారింది లేదా గరుకుగా ఉంది

ఒక్కో ప్రశ్నకు, ఒక్క రోజూ లేకపోతే 0, ఒకటి రెండు రోజులైతే 1, మూడు నాలుగు రోజులైతే 2, ఐదారు రోజులైతే 3, రోజూ ఉంటే 4 మార్కులు. మొత్తం 28. కూడితే 2 లోపు వస్తే జబ్బు దాదాపు లేనట్టే. 3 నుంచి 7 దాకా స్వల్పం. 8 నుంచి 16 మధ్యస్థం. 17 నుంచి 24 తీవ్రం. 25 పైబడితే అతి తీవ్రం.

మొదట్లో చెప్పిన బాబు తల్లిని ఆ రోజు ఈ ఏడు ప్రశ్నలూ అడిగాను. దురద రోజూ, 4. నిద్ర చెడటం రోజూ, 4. రక్తం మూడు నాలుగు రోజులు, 2. చెమ్మ లేదు, 0. పగుళ్లు ఒకటి రెండు రోజులు, 1. పొట్టు ఐదారు రోజులు, 3. పొడిదనం రోజూ, 4. మొత్తం 18. నేను 'స్వల్పం' అని రాసిన జబ్బు ఈ లెక్కలో తీవ్రం.

ఒక్కసారి వచ్చిన మార్కు కంటే వారం వారం వచ్చే తేడా ఎక్కువ ఉపయోగపడుతుంది. ఒకటి రెండు మార్కులు అటూఇటూ కావడం మామూలే. మూడు నాలుగు మార్కులకు మించి తగ్గితే నిజంగానే మెరుగవుతున్నట్టు. అలాగే పెరిగితే చికిత్సను మళ్లీ చూడాలి. గోడకున్న క్యాలెండర్‌లో పాల లెక్క రాసుకుంటాం కదా, ఆ పక్కనే ప్రతి ఆదివారం ఒక అంకె వేయండి. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆ కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసి తెండి. చర్మం బాగా పెరిగిన రోజు ఫొటో కూడా ఒకటి ఉంచుకోండి.

ఒక హెచ్చరిక. ఈ మార్కులు జబ్బు పేరు చెప్పవు. గజ్జి ఉన్న బిడ్డకూ ఇందులో ఎక్కువ మార్కులే రావొచ్చు. ఉన్నది ఎగ్జిమాయే అని డాక్టరు తేల్చిన తర్వాతే ఈ లెక్క.

మార్కులు తగ్గకపోతే

మార్కులు ఎక్కువ వచ్చాయనగానే పెద్ద మందులు అడగొద్దు. ముందు చూడాల్సింది, ఇచ్చిన మందు చర్మం మీదకు చేరిందా లేదా అని.

ఎగ్జిమా ఉన్న చర్మం నీటిని పట్టి ఉంచుకోలేదు. అందుకే మాయిశ్చరైజర్ అలంకరణ సామగ్రి కాదు, మొదటి మందు. బ్రిటన్ మార్గదర్శకాలు ఎగ్జిమా ఉన్న పిల్లలకు వారానికి 250 నుంచి 500 గ్రాములు రాయమంటాయి. మన ఇళ్లలో 100 గ్రాముల ట్యూబు నెల రోజులు వస్తోందంటే అది సరిపోవడం లేదని తెలుసుకోవచ్చు. ఖరీదైన సీసాలే అక్కర్లేదు. వాసన లేని మామూలు పెట్రోలియం జెల్లీ అయినా ఫరవాలేదు. స్నానం అయిన వెంటనే ఒళ్లు తడి అద్ది, మెత్తగా రాయాలి. రోజుకు కనీసం రెండుసార్లు.

తర్వాత స్టిరాయిడ్ పూత. ఇక్కడ రెండు రకాల తప్పులు చూస్తుంటాను. కొందరు స్టిరాయిడ్ అన్న మాట వినగానే భయపడి, ఆవగింజంత తీసి ఒళ్లంతా పులుముతారు. రెండు రోజులకే ఆపేస్తారు. జబ్బు సగం తగ్గి మళ్లీ లేస్తుంది. మరికొందరు ఎప్పుడో ఎవరికో రాసిన మందును షాపులో కొని, బిడ్డ ముఖానికి నెలల తరబడి రాస్తారు. చర్మం పలచబడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టిరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ జాబితాలోకి తెచ్చింది ఇందుకే. స్టిరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీములను సొంతంగా అసలే వాడొద్దు.

కొలత సులువు. పెద్దవాళ్ల చూపుడువేలు చివరి కణుపు పొడవున ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ముఖానికి ఒక బలం, ఒంటికి ఒక బలం మందు ఉంటుంది. ఏది ఎక్కడ, ఎన్ని రోజులు రాయాలో చీటీ మీద రాయించుకోండి.

నేను ఆ బాబుకు ఇచ్చిన దురద సిరప్ గురించి కూడా చెప్పాలి. ఎగ్జిమా దురదకు అలర్జీ సిరప్‌లు పెద్దగా పనిచేయవు. కొన్నింటితో మత్తు వస్తుందంతే. చర్మంలో వాపు తగ్గితేనే దురద తగ్గుతుంది.

ఇంటి అలవాట్లూ చూసుకోవాలి. సున్నిపిండితో రుద్దడం, వేపాకు నూరి పట్టించడం, స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయడం ప్రేమతో చేసేవే. కానీ ఇప్పటికే పగిలిన చర్మాన్ని ఇవి ఇంకా రేపుతాయి. నురగ బాగా వచ్చే సబ్బులు, ఉన్ని బట్టలు, పాలిస్టర్ సాక్సులు కూడా అంతే. గోళ్లు వారానికోసారి కత్తిరించండి.

ఇక పథ్యం. వంకాయ, గోంగూర, గుడ్డు, చేప, పాలు అంటూ ఒక్కొక్కటీ ఆపుకుంటూ వచ్చి, చివరికి చారన్నంతో పెరుగుతున్న పిల్లలను చూశాను. ఎగ్జిమా తగ్గలేదు, బరువు తగ్గింది. ఏదైనా తిన్న కాసేపటికే దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు వస్తే, లేదా పసిబిడ్డకు సరైన చికిత్స చేస్తున్నా మార్కులు దిగిరాకపోతే ఆహార అలర్జీ గురించి డాక్టరుతో మాట్లాడాలి. మిగతా పిల్లలకు అనుమానంతో తిండి ఆపడం వల్ల నష్టమే ఎక్కువ.

ఇవన్నీ సరిగ్గా చేశాక కూడా మార్కులు 17 దగ్గరే ఉంటే అప్పుడు చర్మవైద్య నిపుణులకు చూపించాలి. టాక్రోలిమస్ పూత, కాంతి చికిత్స, రోగనిరోధక వ్యవస్థ మీద పనిచేసే మాత్రలు, ఇంజెక్షన్లు ఇప్పుడు ఉన్నాయి. ఎవరికి ఏది అవసరమో వాళ్లు తేలుస్తారు. రెండు రోజుల్లో తగ్గిస్తామని స్టిరాయిడ్ ఇంజెక్షన్లు, మాత్రలు మళ్లీ మళ్లీ ఇచ్చేవాళ్ల దగ్గర జాగ్రత్త. వాటిని ఆపగానే జబ్బు ఇంకా ఎక్కువగా తిరగబెట్టొచ్చు. పిల్లల ఎదుగుదలా దెబ్బతింటుంది.

ఆదివారం దాకా ఆగకూడనివి

కొన్ని లక్షణాలకు మార్కుల లెక్క వద్దు, అదే రోజు ఆసుపత్రికి రావాలి. ఎగ్జిమా ఉన్న చోట ఉన్నట్టుండి గుంపులుగా నీటిపొక్కులు వచ్చి, సూదితో పొడిచినట్టు చిన్న గుంటల పుండ్లుగా మారి, నొప్పి, జ్వరం ఉంటే అది హెర్పిస్ వైరస్ సోకడం కావచ్చు. అది అత్యవసరం, ముఖ్యంగా కంటి దగ్గర ఉంటే. తేనె రంగు పక్కులు కట్టడం, చీము, వేడి, వాపు కనిపిస్తే బ్యాక్టీరియా చేరినట్టు. ఒళ్లంతా ఎర్రబడి బిడ్డ నీరసించినా ఆలస్యం చేయొద్దు.

మేం మార్చుకోవాల్సింది

పిల్లల ఓపీల్లో వరసలో నిల్చున్నప్పుడే బరువు చూస్తాం, జ్వరం చూస్తాం. ఎగ్జిమా బిడ్డ అయితే అక్కడే నర్సు ఈ ఏడు ప్రశ్నలు అడిగి ఓపీ చీటీ మీద ఒక అంకె వేయడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు. ఆ అంకె చూశాక ఏ డాక్టరూ ఒక్క చూపుతో 'స్వల్పం' అని రాసి పంపలేడు. మా దగ్గర దీన్ని మొదలుపెట్టాక, నేను 'మందు మార్చాలి' అనుకున్న కొందరికి మందు సరిగ్గా రాయడం నేర్పితే సరిపోయింది. 'ఇదే చాలు' అనుకున్న కొందరిని పై ఆసుపత్రికి పంపాల్సి వచ్చింది.

టీచర్లకూ ఒక మనవి. క్లాసులో కునికే పిల్లాడిని, కుదురుగా కూర్చోలేని పిల్లను మందలించే ముందు మోచేతి మడతలు చూడండి. ఇంటికి ఫోన్ చేసి రాత్రి నిద్ర ఎలా ఉందో అడగండి.

ఇళ్లలో నాన్నలకు ఇంకో మాట. ఎగ్జిమా బిడ్డ నిద్రపోని ఇంట్లో ఎక్కువగా మేల్కొనేది అమ్మే. పొద్దున్నే మళ్లీ వంట, బడి, ఉద్యోగం ఆమెకే. ఆదివారం మార్కులు వేసే పని మీరు తీసుకోండి. రెండో ప్రశ్నకు జవాబు రాయాలంటే మీరూ కొన్ని రాత్రులు మేల్కోవాల్సి వస్తుంది.

ఆ బాబుకు చికిత్సను మొదటి నుంచి సరిచేశాం. మాయిశ్చరైజర్ ఎంత రాయాలో వాళ్లమ్మకు నేనే రాసి చూపించాను. ఆరు వారాల తర్వాత మార్కులు 6కు దిగాయి. మోచేతుల దగ్గర నల్లదనం అలాగే ఉంది. దాంతో వెంట వచ్చిన నాయనమ్మ, "ఏం తగ్గింది బాబూ, మచ్చలు అట్లనే ఉన్నాయి" అంది. పక్కనే ఉన్న కోడలు, "రాత్రి లేవడం లేదు కదత్తమ్మా" అంది.

మచ్చలకు ఇంకొన్ని నెలలు పడుతుందని ఆ పెద్దావిడకు చెప్పాను. చీటీ మీద మాత్రం కోడలు చెప్పిందే రాశాను.